జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

ఢిల్లీ కంటోన్మెంట్,
20-7-1980.

చిరంజీవి తమ్ముడు పెద్దిరాజుకి అక్క జానకి ఆశీస్సులు.

ఇక్కడ ముగ్గురం బాగున్నాం, ఎండ ఒక్కటే బాగాలేదు. వాన రేపంటే రేపని పదిహేను రోజులుగా ఊరిస్తోంది. మీ బావ సిగ్నల్స్ ఆఫీసునించి వచ్చి బూట్లు విప్పితే వాటిమీద రొట్టె కాల్చుకోవచ్చు.

సంగతేమిటంటే, నీ మేనకోడలు గౌరి జిమ్నాస్టిక్స్ క్లబ్బులో చేరింది. క్లబ్బంటే ఏదేదో ఊహించుకోకు. మా క్వార్టర్లకి అరమైలు దూరాన ఇంగ్లీషువాళ్ళ నాటి గుర్రాల లాయం ఉంది. గుర్రాలు పోయాయి, వాసన మిగిలింది. అందులో ఎగిరి దాటడానికి ఒక చెక్కగుర్రం, రెండు జతల బార్లు, నేలమీద నాలుగు చిరుగుల పరుపులు, ఒక మూల గౌరి గడ్డమంత ఎత్తున ఒక దూలం. అదీ క్లబ్బు. నడిపేది ధరంపాల్ అని హర్యానా ఆయన. సైన్యంలో పీటీ నేర్పి రిటైరయ్యాడు. అందరూ ఉస్తాద్ అంటారు. పొద్దున్నే ఐదున్నరకల్లా ముప్పైమంది పిల్లలు చేతులకి సుద్దపొడి పూసుకుని వరస కడతారు. ఒక్కరు ఆలస్యంగా వచ్చినా ముప్పైమందీ లాయం చుట్టూ పరిగెత్తాల్సిందే.

ఆ దూలాన్ని బీమ్ అంటారట. వెడల్పు బెత్తెడు. గౌరి మొదటిరోజే దాని మీద ఇటునించి అటు నడిచిపోయింది. ఉస్తాద్ నన్ను పిలిచి, "బహన్‌జీ, ఇస్‌కో కిస్‌నే సిఖాయా?" అన్నాడు. ఎవరూ నేర్పలేదన్నాను. అది నిజమే. కానీ తమ్ముడూ, ఆ మాట అంటుంటే నా కాళ్ళ కింద మన లాకులు కదిలాయి.

నాన్న లస్కరు ఉద్యోగం, కాలవ గట్టున మన పెంకుటిల్లు, కొబ్బరికాయల పడవలు వచ్చినప్పుడు నాన్న లాకు తలుపులు తిప్పడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆ తలుపుల మీది దూలం కూడా బెత్తెడే కదా! నేను అటు పోయి ఇటు వచ్చేదాన్ని. నువ్వు ఈ గట్టునే కూచుని చొక్కా కొస నములుతూ ఏడ్చేవాడివి. "నీళ్ళకేసి చూడకురా, అవతలి గట్టు మీద కొబ్బరిచెట్టుకేసి చూడు" అని ఎన్నిసార్లు చెప్పానో. భీమారావు డ్రిల్లు మాస్టారు కాకినాడ ఆటల పోటీలకి నా పేరు రాసుకున్నారు. ఇంకో వారంలో ప్రయాణమనగా, నేను దూలం మీద నడుస్తున్నానని ఎవరో నాన్నకి చెప్పారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మర్నాడే ఓణీ వేయించి, బడి మాన్పించి, వంటింట్లో కూచోబెట్టారు. నాన్న పోయి ఆరేళ్ళయింది, ఇప్పుడు కోపమేమీ లేదు. చెప్పిన మహానుభావుడెవరో మాత్రం ఇంతవరకూ తేలలేదు.

ఆ ఇంట్లో పుట్టినందుకు నువ్వైనా డ్రిల్లు మాస్టరువయ్యావు. పిల్లకి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో రాయి. మా మరదలు సీతారత్నాన్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క జానకి.

*

అంబాజీపేట,
8-8-1980.

అక్కయ్యకి, బావగారికి తమ్ముడు పెద్దిరాజు నమస్కారాలు. గౌరికి ముద్దులు.

నీ ఉత్తరం సీతారత్నం రెండుసార్లు చదివింది. "మీ అక్కగారు లాకుల మీద నడిచేవారా? మరి మీరు మన పెరట్లో పిట్టగోడ ఎక్కడానికి కూడా నిచ్చెన అడుగుతారేం?" అంటోంది. ఇంట్లో నా పరువు ఇలా తగలబెట్టావు.

పిల్లకి పొద్దున లేవగానే నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క పెట్టు. క్లబ్బునించి రాగానే గుడ్డు. మినప సున్నుండలు ఇక్కడినించి వస్తున్నాయి, అవి బావగారు తినకుండా కాపలా కాయి. ఒళ్ళు వేడెక్కకుండా పిల్లిమొగ్గలు వేయనివ్వకు. నడుం వంచేటప్పుడు ఎవరైనా వెనక చెయ్యి పట్టాలి. ఇంతకంటే నాకేం తెలుసక్కా? నేను నలభైమంది మగపిల్లలని ఎండలో నిలబెట్టి ఏక్ దో అనిపించేవాడిని. బీమ్ అన్నది ఫొటోలో తప్ప చూడలేదు.

భీమారావు మాస్టారి మాట ఎత్తావు. ఆయన రిటైరయ్యేటప్పుడు తన ఇత్తడి ఈల నాకిచ్చిన సంగతి నీకు చెప్పానా? అదే ఊదుతున్నాను ఇప్పటికీ. ఈల ఇస్తూ ఆయన అడిగిన మొదటి మాట, "మీ అక్క ఎక్కడుందిరా?" అని.

చిరుగుల పరుపులని రాశావు. కొబ్బరిపీచు ఊళ్ళో పుట్టి ఆ మాట వింటే సిగ్గుగా ఉంది. మన పీచు మిల్లు ధర్మయ్యతో మాట్లాడి ఆరు దళసరి పరుపులు కుట్టిస్తున్నాను. రాజమండ్రినించి రైల్వే పార్సెల్లో వస్తాయి. మీ ఉస్తాద్‌కి చెప్పు, గౌరి మేనమామ పంపాడని.

నాన్నకి ఎవరు చెప్పారో ఇప్పుడెందుకులే అక్కా. పడవవాళ్ళెవరో చెప్పి ఉంటారు. వాళ్ళకి వేరే పనేముంది?

ఈ ఏడు ఫిజికల్ డైరెక్టర్ల ప్రమోషన్ లిస్టులో నా పేరుంది. దేవుడు చల్లగా చూస్తే వచ్చే జూన్‌కి పెద్ద హైస్కూల్లో చేరతాను.

ఇట్లు,
నీ తమ్ముడు పెద్దిరాజు.

*

ఢిల్లీ కంటోన్మెంట్,
24-11-1980.

చి. పెద్దిరాజుకి అక్క ఆశీస్సులు.

పరుపులు వచ్చాయి. మీ బావ మిలటరీ ట్రక్కు మాట్లాడి తెచ్చారు. లాయంలో విప్పేసరికి పీచువాసన గుప్పుమంది. పిల్లలంతా "యే క్యా హై, యే క్యా హై" అని ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం ఎవరూ చూడకుండా ఒక పరుపుకి మొహం ఆనించి కాసేపు ఉండిపోయాను. మన గట్టుమీద పీచు ఆరబోసినప్పటి వాసన రా అది. ఉస్తాద్ వాటి మీద స్వయంగా ఒక పల్టీ కొట్టి లేచి, "భాయీసాబ్ కో సలామ్ లిఖియే" అన్నాడు. అరవై ఏళ్ళవాడు!

గౌరికి కాస్ట్యూమ్ నేనే కుట్టాను. బజార్లో కొనలేం, దొరకదు కూడా. మీ బావ కొత్త బనీన్లు రెండు కత్తిరించి, నీలిరంగు అద్దకం వేసి కుట్టాను. మొదటిసారి చెమటపట్టగానే రంగు దిగి పిల్ల నీలమేఘశ్యామ అయిపోయింది. మళ్ళీ ఉప్పునీళ్ళలో ఉడకబెట్టాను.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరిలో ఢిల్లీ క్లబ్బులన్నిటికీ పోటీలు. పదకొండేళ్ళలోపు పిల్లల్లో మొదటి ఆరుగురికి ఏడాదిపాటు పెద్ద కోచ్‌ల దగ్గర శిక్షణ ఇస్తారట. ఏషియాడ్ వస్తోందని ఊరంతా తవ్విపోస్తున్నారు, కొత్త స్టేడియంలు లేస్తున్నాయి, పిల్లలని కూడా తయారుచేద్దామని వీళ్ళ ఉత్సాహం. మా క్లబ్బునించి ఉస్తాద్ నలుగురి పేర్లు రాశాడు. మొదటి పేరు గౌరిది. బీమ్ మీద దానికి ఎదురులేదంటాడు.

మొన్న ఇరవైరెండున దానికి పదేళ్ళు నిండాయి. పాయసం చేసి క్లబ్బు పిల్లలందరికీ పెట్టాను. ఆ సాయంత్రమే ఉస్తాద్ కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. గౌరి స్కూలు కాగితంలో పుట్టినతేదీ 1 జూలై 1969 అని ఉందట! అంటే పోటీకి వయసు లెక్కగట్టే జనవరి ఒకటికి దానికి పదకొండున్నర. మీ బావ తమ ఆఫీసు రికార్డు తీసి చూపించారు, 22 నవంబరు 1970 అని. ఉస్తాద్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "హవల్దార్ సాబ్, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, సబ్ లోగ్ ఉమ్ర్ ఘటాతే హైఁ. మీరు వయసు పెంచారేమిటి?" అన్నాడు.

నువ్వే కదరా దాన్ని ఊళ్ళో బళ్ళో వేసింది? మీ బావ ఫీల్డులో ఉన్నారు, నేను టైఫాయిడ్‌తో అమలాపురం ఆసుపత్రిలో ఉన్నాను. వచ్చాక అడిగితే, తేదీ సరిగానే చెప్పానన్నావు. ఆ టి.సి. ఇంగ్లీషులో ఉంటే నేను చూడలేదు, మీ బావ చూసినా పట్టించుకోలేదు. అదే తేదీ ఇక్కడి స్కూల్లోకి ఎక్కింది. అసలక్కడ ఏం జరిగిందో వెంటనే రాయి.

ఇట్లు,
అక్క.

*

అంబాజీపేట,
3-12-1980.

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఐదేళ్ళ కిందటి మాట, నాకు సరిగా జ్ఞాపకం లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయక ఆ గుమాస్తా ఎవడో పొరపాటు చేసి ఉంటాడు. బావగారి మిలటరీ రికార్డు ఉంది కనక దాన్నే గట్టిగా పట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం కాగితం ముందు మా పల్లెటూరి బడి కాగితం ఏపాటి? ఇక్కడ పరీక్షల హడావుడి. ఉంటాను.

పెద్దిరాజు.

*

ఢిల్లీ కంటోన్మెంట్,
20-12-1980.

పెద్దిరాజుకి,

ఎప్పుడూ మూడు పేజీలు రాసేవాడివి, ఈసారి కార్డుముక్క రాశావు. సీతారత్నం అడిగినట్టు కూడా లేదు అందులో. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆ బళ్ళో గుమాస్తా ఎక్కడున్నాడురా? హెడ్మాస్టరు లక్ష్మీపతిగారే గంట కొట్టేవారు, ఆయనే రిజిస్టరు రాసేవారు.

మీ బావ సెలవు పెట్టి పోటీ కమిటీ ఆఫీసుకి వెళ్ళారు. మిలటరీ కాగితం చూసి, "పిల్లల తండ్రులు తెచ్చే కాగితాలు మేం చాలా చూశాం" అన్నారట. పిల్ల మొదట చేరిన బడి రాసిందే వాళ్ళకి ప్రమాణం. ఆ బడి హెడ్మాస్టరు, తమ రిజిస్టర్లో పడింది తప్పుతేదీ అని సంతకంపెట్టి రాసిస్తే ఒప్పుకుంటారు. జనవరి పదో తారీఖులోపు అసలు కాగితమే వాళ్ళ చేతిలో ఉండాలి. టెలిగ్రాములూ అవీ పనికిరావు.

మీ బావ మనిషి నీకు తెలుసుగా, గట్టిగా ఒక మాట అనరు. ఇంటికొచ్చి యూనిఫారం విప్పకుండానే కూచుండిపోయారు. "పదిహేనేళ్ళ సర్వీసు జానకీ, నన్ను దొంగలా చూశారు" అన్నారు.

క్లబ్బులో తక్కిన తల్లులకి కూడా తెలిసింది. ఒకామె నాకు వినపడేలాగే, "మదరాసీ లోగ్, దో దో సర్టిఫికెట్" అంది. గౌరి వింది. ఆరోజు బీమ్ మీదనించి రెండుసార్లు పడింది. ఇంటికొస్తూ దారిలో నన్నడిగింది, "మమ్మీ, మైఁ సచ్ మే కబ్ పైదా హుయీ థీ?" అని. నవంబరు ఇరవైరెండునే, నేను కదా కన్నది అన్నాను. "తో ఫిర్ మావయ్య ఎందుకు అలా రాశారు?" అంది.

ఒక్కమాట అర్థం చేసుకో. వచ్చే ఏడు జనవరికి దానికి నిజంగానే పదకొండు నిండిపోతాయి. పదకొండేళ్ళలోపు ఆడటానికి దానికున్నది ఈ ఒక్క ఏడే. కాగితం రాకపోతే కాగితంమీద వయసుకి తగ్గట్టు పద్నాలుగేళ్ళలోపు పిల్లల్లో ఆడాలి. వాళ్ళు దానికంటే తలెత్తు పొడుగు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టను. నువ్వే చెప్పు.

జానకి.

*

అంబాజీపేట,
7-1-1981.

అక్కయ్యకి,

హెడ్మాస్టరుగారి కాగితం రిజిస్టర్ పోస్టులో ఈరోజే పంపాను. ఈ ఉత్తరం విడిగా రాస్తున్నాను. ముందు చదివి తరవాత తిట్టు.

గుమాస్తా లేడు. నేనే. ఆ జూన్‌లో నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. గౌరి పొద్దస్తమానం గుమ్మంలో కూచుని "అమ్మ ఏది" అని ఏడ్చేది. పక్కన పదిమంది పిల్లలుంటే మరిచిపోతుందని, ప్రాథమిక పాఠశాల మా హైస్కూలు పక్కనే కదా, నా కళ్ళముందే ఉంటుందని చేర్చడానికి తీసుకెళ్ళాను. లక్ష్మీపతి మాస్టారు ఐదు నిండాలన్నారు. అప్పటికి దానికి నాలుగున్నర. మే నెల్లో నిండాయని రాయండి, ఎవరు చూస్తారన్నాను. ఆయన నవ్వి, "మా రిజిస్టర్లో జూలై ఒకటి తప్ప వేరే తేదీ ఉండదోయ్. లెక్క తేలిక" అన్నారు. నిజమే, ఆ బళ్ళో పిల్లలందరూ జూలై ఒకటినే పుట్టారు. డెబ్భై జూలై అంటే ఐదుకి నెల తక్కువవుతుంది, అందుకని అరవైతొమ్మిది వేశారు. సంరక్షకుడు అన్నచోట నేను సంతకం పెట్టాను. ఇక్కడ అందరూ చేసేదే. పిల్లకి ఒక ఏడు ముందుకి తోస్తున్నామనుకున్నాను గాని దాని ఏడు లాగేసుకుంటున్నాననుకోలేదు. నువ్వు అడిగినప్పుడు ఎందుకు అబద్ధం చెప్పానంటే, అప్పుడే జ్వరం నించి లేచావు, కోప్పడతావని.

మరి ఈసారి ఎందుకు దాచానో కూడా చెప్తాను. తప్పుతేదీ అని హెడ్మాస్టరు రాసివ్వాలంటే, ఆ తప్పు చెప్పించింది నేనని నేను రాసివ్వాలి. రిజిస్టర్లో అబద్ధం రాయించిన టీచరుకి ప్రమోషన్ ఎవరిస్తారు? నీ ఉత్తరం డిసెంబరు ఇరవైఆరున అందింది. పదకొండు రోజులు చొక్కాజేబులో పెట్టుకు తిరిగాను. సీతారత్నం చొక్కా ఉతకబోయి చదివింది. అన్నం వడ్డించి, "గౌరికి సున్నుండలు పంపిస్తే సరిపోతుందాండీ?" అంది. నిన్న పొద్దున్నే వెళ్ళి రాసిచ్చేశాను.

ఆ పదకొండు రోజులే లేకపోతే కాగితం ఈపాటికి మీ చేతిలో ఉండేది. ఇప్పుడు అందుతుందో లేదో.

ఎలాగూ మొదలుపెట్టాను కనక ఇంకొకటి. నాన్నకి చెప్పింది పడవవాళ్ళు కాదు. తొమ్మిదేళ్ళవాడిని, ఆ దూలం మీద నాలుగడుగులు వేయలేకపోయేవాడిని. నువ్వు కాకినాడ వెళ్తావని భీమారావు మాస్టారు అందరిముందూ చెప్పారు. ఆ రాత్రి అన్నం తింటూ నాన్నతో అనేశాను. తిడతారనుకున్నాను, అంతే. నిన్ను బడి మాన్పిస్తారని తెలియదు. నీ బదులు డ్రిల్లు జట్టులో నన్ను తీసుకున్నారు. ఈ ఉద్యోగం అక్కడినించి వచ్చింది. ఇరవైనాలుగేళ్ళుగా ఆ ఈల ఊదినప్పుడల్లా గుర్తొస్తూనే ఉంటుంది.

క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

పెద్దిరాజు.

*

ఢిల్లీ కంటోన్మెంట్,
22-2-1981.

చి. తమ్ముడికి,

కాగితం పదమూడున వచ్చింది. మీ బావ అప్పటికప్పుడు సైకిలుమీద తీసుకెళ్ళారు. కమిటీవాళ్ళు చదివి, మీరు నిజమే చెప్పారు, పాపం అన్నారట. కానీ గడువు దాటిందన్నారు. మీ బావ ఆ "పాపం" ఒక్కటీ పట్టుకుని తిరిగొచ్చారు. ఆయనకి అదైనా దక్కింది.

ఇన్నాళ్ళు జవాబెందుకు రాయలేదంటే, కోపంగా ఉన్నాను. కోపంలో రాసినవి రెండు చించేశాను. నిన్న పోటీలు అయ్యాయి. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దపిల్లల్లోనే ఆడింది. పదకొండుమందిలో అదే పొట్టిది. దూలం దాని గడ్డందాకా ఉంది, తక్కినవాళ్ళకి ఛాతీదాకానే. ఎక్కడానికి మొదటిసారి ఎగిరింది, జారింది. రెండోసారి మోకాలు కొట్టుకుంది. ఎవరూ ముట్టుకుని సాయం చేయకూడదు. ఉస్తాద్ చేతులు వెనక్కి కట్టుకుని, "నీచే మత్ దేఖ్ బేటీ, సామ్‌నే దేఖ్" అంటున్నాడు, కిందికి కాదు ఎదురుగా చూడమని. నాకు కొబ్బరిచెట్టు కనబడిందిరా ఆ హాలు గోడమీద. మూడోసారి ఎక్కింది. ఎక్కాక ఇంక దిగమన్నదాకా దాని పాదం తొణకలేదు. అన్నీ కలిపి ఎనిమిదో స్థానం వచ్చింది. శిక్షణ రాదు. బీమ్ ఒక్కదానిలో మాత్రం నాలుగోది.

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నేనే ఏడ్చాను.

అందరూ వెళ్ళాక మా లాయానికి సామాను చేర్చాం. ఉస్తాద్ నాకేసి అదోలా చూసి, "బహన్‌జీ, ఏడు నెలలుగా చూస్తున్నాను. పిల్ల దూలమెక్కితే కింద మీ పాదాలు కదులుతాయి. ఆప్‌నే భీ కియా హై నా?" అన్నాడు, మీరూ చేశారు కదా అని. నేను కాదనలేదు. చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, బల్లమీదనించి ఎక్కాను. ముప్పైఅయిదేళ్ళ మనిషిని, మీ బావ ఎదురుగా! ఇటునించి అటు నడిచాను. తిరిగి రాబోతే మడమ తూలింది, ఉస్తాద్ చెయ్యి ఇచ్చాడు. మీ బావ నోరు తెరిచి చూస్తూ, "ఇన్నేళ్ళు నాకు చెప్పలేదేం?" అన్నారు. గౌరి చప్పట్లు కొట్టి కొట్టి చేతుల సుద్దంతా రాల్చింది. వచ్చే నెలనించి పొద్దున్నే చిన్నపిల్లలకి నడక నేర్పడానికి నన్ను రమ్మన్నాడు. వెళ్తాను.

ఇక నీ రెండో సంగతి. ఒరే వెర్రివాడా, నాన్నకి చెప్పింది నువ్వేనని నాకు ఆ రాత్రే తెలుసు. వంటింట్లో అమ్మ పక్కన కూచుని విన్నాను. నువ్వు చెప్పి, నాన్న లేచి నిలబడేసరికి భయపడి, అన్నం ముందునించి లేచి వెళ్ళిపోయావు. మర్నాడు నీ చెగోడీలన్నీ నా పుస్తకాల సంచీలో పెట్టావు. తెలియకేం? ఏనాటికైనా నీ నోటితో చెప్తావని చూశాను. ప్రతి ఉత్తరంలోనూ చూశాను. ఇరవైనాలుగేళ్ళు పట్టింది నీకు.

గౌరి విషయంలో అలా అనలేను. దాని ఏడు దానిది. దాని తరఫున నేను క్షమించేస్తే మళ్ళీ మనం పెద్దవాళ్ళం దాని కాగితం రాసేసినట్టే అవుతుంది. అందుకని దాన్నే రాయమన్నాను. అక్షరాలు కూడదీసుకుని గంటసేపు రాసింది. దిద్దలేదు.

జానకి.

"డియర్ మావయ్యా, నేను గుస్సా ఉన్నాను. థోడా సా కోపం. బీమ్ ఎక్కేటప్పుడు రెండుసార్లు గిరాను, మూడోసారి ఎక్కాను. అప్పుడు కింద చూడలేదు. అత్త సున్నుండలు పాపా తినేశారు. మమ్మీ బీమ్ మీద నడిచింది, మీరు చూస్తే మజా వచ్చేది. స్కూలు కాగితంలో నా జూలై బర్త్‌డే కొట్టేశారు అని పాపా చెప్పారు. ఫిర్ భీ ఆ రోజు కూడా గిఫ్ట్ కావాలి. మీరే కదా ఇచ్చారు ఆ బర్త్‌డే. గౌరి."

*

లాకుల అప్పర్ ప్రైమరీ స్కూలు,
1-7-1981.

అక్కయ్యకి నమస్కారాలు. బావగారికి కూడా.

చిరునామా చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. ప్రమోషన్ లిస్టులో నా పేరు కొట్టేశారు. మెమో ఇచ్చి, పెద్ద హైస్కూలుకి వెళ్ళాల్సినవాడిని ఈ చిన్నబడికి పంపారు. శిక్ష వేసినవాళ్ళకి తెలియదు, ఇది మన లాకుల బడి అని. కిటికీలోంచి దూలం కనిపిస్తుంది. మనింటి పెంకులు సగం పోయాయి. నీ కొబ్బరిచెట్టు ఉంది, కాస్త వంగింది. నిన్న సాయంత్రం ఎవరూ లేనప్పుడు దూలం మీద ఆరడుగులు వేశాను. తరవాత కూచుని పాక్కుంటూ వెనక్కి వచ్చాను. నవ్వుకో.

ఇక్కడ హెడ్మాస్టరమ్మ రాజేశ్వరమ్మగారు నా కథంతా విన్నారు. విని, కొత్తపిల్లల చేరిక రిజిస్టరు నా చేతికే ఇచ్చారు. "తప్పు చేసినవాడికే తెలుస్తుంది ఎక్కడ జారతామో" అన్నారు.

మొన్న తాయారమ్మ అని పీచు తిప్పే ఆవిడ కూతుర్ని తీసుకొచ్చింది. ఎప్పుడు పుట్టిందమ్మా అంటే, "అట్లతద్దినాడండి, ఊయల్లెక్కే వేళ నొప్పులొచ్చాయండి" అంది. ఏ ఏడంటే, గట్టు తెగి మళ్ళీ కట్టిన ఏడంది. పాత పంచాంగం తెప్పించి లెక్కగట్టాను. ఐదు నిండటానికి ఇంకా మూడున్నర నెలలుంది. "అందరికీ జూలై ఒకటి రాస్తారంట కదండీ, మా పిల్లకీ రాసేయండి మాస్టారూ, నేను పనిలోకి పోవాల" అని బతిమాలింది. గుమ్మంలో ఏడుస్తున్న గౌరే కనిపించింది నాకు. అయినా రాయలేదు. పిల్లని పొద్దున్నే తెచ్చి బళ్ళో వదలమన్నాను. పేరు వచ్చే ఏడు రాస్తాను, అప్పటిదాకా నా దగ్గర ఆడుకుంటుందన్నాను. ధర్మయ్య ఇచ్చిన రెండు పీచు పరుపులు వరండాలో వేశాం. ఆ పిల్ల వాటిమీద ఇవాళ పదిసార్లు పిల్లిమొగ్గ వేసి, పదకొండోసారికి నిద్రపోయింది. సాయంత్రాలు పెద్దపిల్లలు తొమ్మిదిమంది వస్తున్నారు, అందరూ ఆడపిల్లలే. ఓణీ వేశాక కూడా పంపుతామని తల్లులచేత ముందే మాట తీసుకున్నాను.

ఒక చిన్న పార్సెల్ వస్తుంది. అందులో గౌరికి జూలై పుట్టినరోజు బహుమతి ఉంది, కాస్ట్యూముకి నీలం గుడ్డ. రంగు దిగదని ఉతికి చూపించాకే సీతారత్నం కొననిచ్చింది. సున్నుండలు కూడా వస్తున్నాయి, బావగారి వాటా వేరే కట్టాం. గుడ్డ మడతలో భీమారావు మాస్టారి ఈల ఉంటుంది, చూసుకో. అది నీది. ఇన్నాళ్ళు నేను ఊదాను. ఇకనించి నీ పిల్లలు ఆలస్యంగా వస్తే నువ్వు ఊదు.

రిజిస్టరు ఇవాళ మూసి సంతకం పెట్టాను. ఈ ఏడు ముప్పైనలుగురు చేరారు. ఒకరు మాఘమాసంలో పుట్టారు, ఒకరు వినాయకచవితి మర్నాడు, కవలలిద్దరు వరదలో పడవమీద. జూలై ఒకటిన మాత్రం ఒక్కరూ పుట్టలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు
పెద్దిరాజు.